గుఱ్ఱపు దాణా – పదిమంది చందా

"గుఱ్ఱము గుడ్డిదైనను దాణాకు తక్కువ లేదు" అనునది మన పెద్దల సామెత. పని చేయలేని వానికి తిండి దండుగ యను ఎత్తిపొడుపుగా దీనిని వాడుదురు. ఇంట కూర్చుండి తినువారిని గూర్చి ఈ మాట అనగా మా చిన్ననాట పలుమారులు విన్నాము. కాళ్ళు సాగని పిల్లవాడో, మాట తిరుగని ఆడుబిడ్డయో ఉన్న ఇంటిలో అది ఎంత గుచ్చుకొనునో అన్నవారికి తోచెడిది కాదు. అయితే ఇదే సామెతలో ఒక మంచి ఉద్యమము చరిత్ర యంతయు ఇమిడియున్నదని మాకు చాలకాలమునకు గాని తెలియలేదు. నడువలేని వారిని గుఱ్ఱమెక్కించి, దానిచే వారి దేహమునకును మనస్సునకును సత్తువ కలిగించు పని ఇరువదవ శతాబ్దమున ఐరోపాలో మొదలై పలుదేశములకు ప్రాకినది. దానిని ముఖ్యముగా నిలిపినది రాజుల బొక్కసము కాదు, ఊరూర పదిమంది వేసిన చిన్న చందా. గుఱ్ఱము దినదినమును తినును గనుక ఆ చందాయు ఎడతెగక రావలసియుండెను. ఈ చిక్కును వారెట్లు దాటిరో చెప్పుటయే మా ఉద్దేశము. చందాల మీదనే బ్రతుకు మనబోటి సంఘముల వారికి ఇది పరాయి కథగా తోచదు.

గుఱ్ఱము మొదటినుండియు సిరిగలవారి సొత్తు. బళ్ళారి, హోసపేట ప్రాంతముల మన కుటుంబములలో హంపి మహానవమి దిబ్బపై చెక్కిన గుఱ్ఱములను చూడనివారుండరు. విజయనగర ప్రభువు ఏటేట 13,000 గుఱ్ఱములను కొనెడివాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ వ్రాసినాడు. సాళువ నరసింహుని కాలమున ఓడలో దారిలో చచ్చిన గుఱ్ఱమునకు గూడ, తోక తెచ్చి చూపినచో, వెల ముట్టెడిదని అతడే చెప్పినాడు. చచ్చిన గుఱ్ఱమునకు వెల కట్టగలిగిన లోకములో బ్రతికియున్న నిరుపేదకు జీను మీద చోటు దొరకునా? తమిళదేశపు పల్లెలలో స్థిరపడిన మనవారు మరియొక దృశ్యము నెరుగుదురు. అయ్యనారు కోవెల ముందు వరుసలు తీరిన మట్టిగుఱ్ఱములు. రోగము కుదిరినచో గుఱ్ఱమును సమర్పింతుమని మ్రొక్కుకొన్న బీదసాదల కానుక లవి. వానికి దాణా అక్కరలేదు గనుకనే కాబోలు, బీదవాడు దేవునికైనను ఒక గుఱ్ఱమును ఇచ్చుకొనగలిగినాడు.

ఐరోపాలోను గుఱ్ఱమునకు హోదాతోనే పొత్తు. ఒలింపిక్ క్రీడలలో డ్రెస్సాజ్ అను పోటీ యొకటి కలదు. రౌతు నోరు మెదపక, తన దేహపు సూక్ష్మమైన కదలికలచేతనే గుఱ్ఱమును నిర్ణీతమైన గతులలో నడిపించు విద్య యది. 1948 వరకు ఆ పోటీలో సైన్యాధికారులు తప్ప మరెవ్వరును పాల్గొనరాదు. ఆ సంవత్సరము లండనులో స్వీడను జట్టు గెలిచినది. కాని ఆ జట్టులో నొకడు నిజమునకు చిన్న హోదా సైనికుడనియు, క్రీడల కొఱకే అతనికి తాత్కాలికముగా అధికారి పదవి నిచ్చిరనియు తేలుటచే మరుసటి యేట ఆ పతకమును వెనుకకు తీసికొనిరి. అతడు గుఱ్ఱమును బాగుగా నడిపెనా లేదా యన్నది ఎవరికిని పట్టలేదు! 1952లో హెల్సింకి క్రీడలనాటికి ఆ నియమము సడలినది. సామాన్య పౌరులకును, స్త్రీలకును ప్రవేశము కలిగినది. ఆ సందు దొరకుటచేతనే మన కథకు మూలమైన స్త్రీ లోకము కంటబడినది.

ఆమె డెన్మార్కు దేశీయురాలు లిస్ హార్టెల్. 1921లో జన్మించినది. పసితనము నుండి గుఱ్ఱపుస్వారి నేర్చి పేరు తెచ్చుకొన్నది. 1944 సెప్టెంబరులో, ఇరువది మూడేండ్ల వయస్సున, రెండవ కాన్పు కొఱకు ఎదురుచూచుచుండగా పోలియో సోకినది. కాళ్ళు పడిపోయినవి, చేతులకును సత్తువ తగ్గినది. బిడ్డ ఆరోగ్యముగనే పుట్టినది. కాని తల్లి చేయి నెత్తుటయు, ప్రాకుటయు, నిలుచుటయు మరల మొదటి నుండి నేర్వవలసివచ్చెను. ఎంత సాధన చేసినను మోకాళ్ళకు దిగువ భాగమున చలనము రాలేదు. అయినను ఆమె మరల జీనెక్కినది. పలుమారులు పడినది. కాళ్ళతో చేయవలసిన సంజ్ఞలను వెన్నుతోను, కూర్చుండు బరువుతోను చేయుట నేర్చినది. ఆమె యెక్కిన ఆడుగుఱ్ఱము పేరు జూబిలీ. ఆ మూగజీవము కూడ తన వంతుగా క్రొత్తభాష నేర్చుకొన్నదని చెప్పవలెను.

హెల్సింకిలో డ్రెస్సాజునకు దిగిన నలుగురు స్త్రీలలో ఆమె యొకతె. గుఱ్ఱమెక్కించుటకును దింపుటకును ఇతరులు సాయపడవలసియుండెను. ఎక్కిన పిమ్మట ఆ సంగతి చూపరులకు తెలియలేదు. పురుషులతో సమముగా పోటీచేసి రజతపతకము గెలిచినది. బహుమాన వేదిక యెక్కవలసివచ్చినపుడు, స్వర్ణపతకము గెలిచిన స్వీడను అధికారి హెన్రీ సెయింట్ సీర్ తానే ఆమెకు చేయూత నిచ్చి వేదిక మీదికి తీసికొనిపోయెను. మూడేండ్ల క్రింద పతకము పోగొట్టుకొన్న జట్టులోని వాడతడు. 1956లో స్టాక్‌హోములో జరిగిన అశ్వక్రీడలలో ఆమె మరల రజతమునే గెలిచినది. 2009లో కన్నుమూసినది. ఆమె పేర నెదర్లాండ్సులో వికలాంగుల అశ్వారోహణమునకై ఒక ధర్మనిధి వెలసినది. ఆమె గెలుపు పతకముతో ఆగిపోలేదని చెప్పుట కిది చాలును.

ఆమెకు ముందు ఈ ఆలోచన లేకపోలేదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఆలివ్ శాండ్స్ అను ఇంగ్లీషు చికిత్సకురాలు తన గుఱ్ఱములను ఆక్స్‌ఫర్డ్ ఆసుపత్రికి తోలుకొనిపోయి, యుద్ధములో అంగములు చెడిన సైనికులచే స్వారి చేయించినది. గమనింపుడు, అవి ఆమె సొంత గుఱ్ఱములు. దానమనగా మొదట అదియే, ఉన్నదానిని నలుగురికి పంచుట. కాని ఒక్కరి గుఱ్ఱములు ఒక్కరి ఆయువుతో ముగియును. 1950లలో పోలియో పిల్లలతో ఆసుపత్రులు నిండిపోవుచున్న కాలమున, హార్టెల్ గెలుపు వార్త విన్న చికిత్సకులు డెన్మార్కు, నార్వే, ఇంగ్లండులలో అక్కడక్కడ పొట్టిగుఱ్ఱములపై పిల్లలను ఎక్కింపసాగిరి.

ఇందు వలని ప్రయోజన మేమని అడుగువారుందురు. గుఱ్ఱము నెమ్మదిగా నడచునపుడు దాని వీపు ముందు వెనుకలకును, ఇరుప్రక్కలకును, కొంత మెలికగాను కదలును. ఆ కదలిక మీద కూర్చున్నవాని నడుమునకు చేరును. మనము మన కాళ్ళపై నడచునపుడు నడుము పొందు కదలికయు ఇంచుమించు అదియే. కనుక ఎన్నడును నడువని బిడ్డ నడుము నడక యెట్లుండునో గుఱ్ఱము వలన నేర్చుకొనును. గుఱ్ఱపు దేహము మనకంటె కొంచెము వెచ్చన. బిగిసిన కండరములు ఆ వేడికిని ఆ లయకును సడలును. మెదడు పక్షవాతముతో పుట్టిన పిల్లలకు కూర్చుండు పట్టును, నిలుకడయు దీనిచే మెరుగగునని పరిశీలకులు వ్రాసినారు. ఇది రోగము మాన్పు మందు కాదని కూడ వారే వ్రాసినారు. వైద్యుని అనుమతి లేక ఎవరినిబడిన వారిని ఎక్కించుట అపాయము. వెన్నెముకలో లోపమున్నవారికిని, ఒరిపిడి పుండ్లున్నవారికిని ఇది తగదు. ఇవన్నియు ఒక యెత్తు. నేలనుండి లోకమును చూచుటకు అలవాటుపడిన బిడ్డ మొదటిసారి పెద్దల తలల కంటె ఎత్తున కూర్చుండి క్రిందికి చూచుట మరియొక యెత్తు. దానిని తూచు త్రాసు ఏ పరిశీలకుని వద్దను లేదు.

ఇక చందాల సంగతి. 1964లో ఇంగ్లండులోని ఎసెక్స్ సీమలో, చిగ్‌వెల్ అను చోట, దీనికై ఒక ధర్మసంస్థ వెలసినది. 1965లో అక్కడక్కడనున్న సమూహములను కూర్చి ఒక సలహామండలి నేర్పరచిరి. 1969లో అదియే వికలాంగుల అశ్వారోహణ సంఘముగా మారినది. ఆ యేడే అమెరికాలోను అట్టి సంఘము పుట్టినది. కెనడాలోని టొరాంటోలోను పుట్టినది. ఇంగ్లండు సంఘమునకు నార్‌ఫోక్ డచ్చెస్ లావీనియా అధ్యక్షురాలైనది. 1971లో రాజకుమారి ఆన్ పోషకురాలై, పిదప అధ్యక్షపదవిని స్వీకరించినది. పెద్దల పేరు ముందుండుట మంచిదే. ఆహ్వానపత్రిక పైని పేరు చూచి పదిమంది వత్తురు. కాని ఆ పేరు గుఱ్ఱమునకు గడ్డి వేయదు.

లెక్క చూడుడు. 450 కిలోల బరువుగల గుఱ్ఱము దినమునకు సుమారు 9 కిలోల గ్రాసము తినును. 30 లీటర్ల నీరు త్రాగును. ఆరు మొదలు ఎనిమిది వారములకొకసారి డెక్కలు కోసి లాడములు సరిచేయవలెను. పండ్లను అరగదీయించవలెను, పశువైద్యుని పిలువవలెను, కొట్టమును కడుగవలెను. ఇరువది యైదు, ముప్పదేండ్లు బ్రతుకు ప్రాణి, అందులో కడపటి యేండ్లు పని చేయలేదు. అప్పుడును దాణాకు తక్కువ లేదు. ఒక ధనికుడు ఒక శుభదినమున ఒక గుఱ్ఱమును దానమిచ్చి, మెడలో పూలదండతో ఛాయాచిత్రము తీయించుకొని పోవచ్చును. మరునాటి గ్రాసము మాట యెవరిది? గోదానము పట్టిన బ్రాహ్మణుడు మేతకై తిరిగిన కథలు మన పల్లెలలో కొల్లలు గదా!

దీనికి ఆ సంఘము వారు కనుగొన్న ఉపాయము మిక్కిలి సామాన్యమైనది. ప్రతి ఊరి శాఖయు తన ఖర్చు తానే కూడబెట్టుకొనవలెను. కేంద్రసంఘము శిక్షణయు, నియమములును, బీమాయు చూచుకొనును. ఊరివారు కాఫీ కూటములు పెట్టిరి. ఇండ్లలోని పాత సామానులు తెచ్చి అంగడి పెట్టి అమ్మిరి. దుకాణముల బల్లలపై డబ్బాలుంచిరి. గుఱ్ఱములున్నవారు దూరప్రయాణము చేసి, మైలుకింత యని ఇరుగుపొరుగుల వద్ద ముందే మాట తీసికొని, తిరిగివచ్చి వసూలు చేసిరి. కొందరు ఒక గుఱ్ఱము పేర ఏటేట ఇంత యని వ్రాసియిచ్చిరి. మరణశాసనములో కొంత సొమ్ము వ్రాసినవారును కలరు. సొంత గుఱ్ఱములు కొనలేని శాఖలు స్వారి బడుల నుండి వారమునకొక పూట గుఱ్ఱములను పుచ్చుకొని పని గడుపుకొన్నవి. ఎరువు గుఱ్ఱమునకు రాత్రి గ్రాసము యజమానిదే గదా. మన ఇండ్లలో అమ్మలు వంటకు బియ్యము కొలుచునపుడు ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేయు ఆచారమును ఎరిగినవారికి ఇందులో క్రొత్త యేమియు లేదు. ఆ కుండ నెవరును చూడరు. మాసాంతమున మాత్రము అది నిండియుండును.

ధనము కంటెను కష్టమైనది చేతుల చందా. ఒక బిడ్డ గుఱ్ఱమెక్కినచో ముందు కళ్ళెము పట్టి నడిపించువారొకరు, ఇరుప్రక్కల బిడ్డ తొడను, నడుమును ఆనుకొని నడచువారిద్దరు, వెరసి ముగ్గురు కావలెను. ఆరుగురు పిల్లలు వచ్చిన పూట పదునెనిమిది మంది. వానయైనను, చలియైనను, ఆ దినము పండుగ యైనను వారు రావలసినదే. ఒకరు రానిచో ఒక బిడ్డ నేలమీద మిగులును. ఉద్యోగవిరమణ చేసినవారు, గృహిణులు, బడిపిల్లలు ఈ పనికి వచ్చిరి. వారిలో అనేకులు జన్మమున గుఱ్ఱమెక్కినవారు కారు. రూపాయి వేసినవాడు తన రూపాయిని మరచిపోవచ్చును. బిడ్డ ప్రక్కన నడచినవాడు వచ్చే వారము ఆ బిడ్డ మొగము కొఱకైనను వచ్చును. ఆ ఉద్యమము నిలిచినది ఈ రెండవ తరగతి చందాదారుల వలననే యని మా అభిప్రాయము. మాతో ఏకీభవింపనివారు కోశాధికారులై యుందురు.

ఇట్టి యొక ఊరి శాఖలో, సౌత్ బకింగ్‌హామ్‌షైర్‌లో, ఆరేండ్ల వయస్సున మొదటిసారి గుఱ్ఱమెక్కిన బాలిక సోఫీ క్రిస్టియన్‌సెన్. నెలలు నిండక పుట్టి, మెదడు పక్షవాతముతో పెరిగిన పిల్ల. పదునారేండ్లకే 2004లో ఏథెన్స్ పారాలింపిక్ క్రీడలకు వెళ్ళినది. 2008, 2012, 2016 క్రీడలలో కలిపి ఎనిమిది స్వర్ణపతకములు గెలిచినది. పతకములు గెలుచువారు వేయికొకరు. తక్కిన తొమ్మిదివందల తొంబది తొమ్మిదిమంది వారమునకొకసారి ఎక్కి దిగి ఇంటికి పోవువారే. చందా వారి కొఱకు గూడ.

2020 మార్చిలో కరోనా వ్యాధి వచ్చి స్వారి ఆగినది. పిల్లలు ఇండ్లలో నుండిపోయిరి. ముసలివారైన కార్యకర్తలు గడప దాటరాదయ్యెను. కాఫీ కూటములు లేవు, అంగళ్ళు లేవు, డబ్బాలున్న దుకాణములు మూతపడినవి. గుఱ్ఱములు మాత్రము తినుచునే యుండెను. ఒక్క రూపాయి పనిచేయని గుఱ్ఱము అన్నమాట అప్పుడు ప్రతి శాఖకును అక్షరాల అనుభవమునకు వచ్చినది. వారు చందాదారులకు జాబులు వ్రాసి, అంతర్జాలము ద్వారా కబురంపి, పని జరుగని దినములకు దాణా అడిగిరి. జరుగుచున్న పనికి చందా అడుగుట సులభము. ఆగిపోయిన పనికి, ఎప్పుడు మొదలగునో తెలియని పనికి అడుగుట యెంత కష్టమో సంఘముల లెక్కలు వ్రాసినవారికి చెప్పనక్కరలేదు. అయినను ఇచ్చినవారుండిరి. లేకున్నచో నేడు వందలకొలది శాఖలతో ఆ సంఘము నడచుచుండెడిది కాదు.

మన సంగతికి వత్తము. పరాయి నేలపై వికలాంగుల కొఱకు చందాలతో పని సాగించుట మన తెలుగువారికి తెలియని విద్య కాదు. రాజమహేంద్రవరమున పుట్టిన దుర్గాబాయమ్మగారు 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించిరి. చిన్న విరాళములతో పెరిగిన ఆ సభ 1960లలో అడయారులో పోలియో పిల్లల కొఱకు అస్థిచికిత్సా కేంద్రమును నెలకొల్పినది. అచ్చటికి వచ్చిన పిల్లలను నీ తల్లిభాష యేదని ఎవరును అడుగలేదు. 2011 జనవరి 13వ తేదీ తరువాత మన దేశమున సహజ పోలియో విషక్రిమి వలన ఆ రోగము క్రొత్తగా ఎవరికిని సోకలేదు. 2014లో దేశము దానినుండి విముక్తమైనదని ప్రకటించిరి. కాని పుట్టుకతోనే మెదడు పక్షవాతము గలవారు, మనోవికాసము మందగించినవారు ప్రతి పేటలోను ఉన్నారు. బెంగుళూరు, చెన్నపట్టణము, ముంబయి వంటి నగరములలో స్వారి క్లబ్బులు కలవు. అట్టి నగరములలో అక్కడక్కడ వికలాంగులకు స్వారి నేర్పువారును బయలుదేరినారు. గుఱ్ఱము లేక కాదు, ప్రక్కన నడచువారు లేక అవి చిన్నవిగనే యున్నవి.

మేమెరిగిన ఒక కుటుంబము కలదు. మూడు తరములుగా చెన్నపట్టణమున స్థిరపడినవారు. వారి పిల్లవానికి అప్పుడు తొమ్మిదేండ్లు. నడువలేడు, మాట స్పష్టము కాదు. ఆ తల్లి ఉగాది వేడుకలకు ఏనాడును వానిని తీసికొనిరాలేదు. అడిగినవారికి "జ్వరమండీ" అనెడిది. ఏటేట సరిగా ఉగాదినాడే జ్వరము వచ్చెడిది. మేమును ఆ మాటను నమ్మినట్లు నటించి ఊరుకొంటిమి. అది మా తప్పు. ఒకనాటి సాయంకాలము మెరీనా ఇసుకలో ఆ తండ్రి బిడ్డను ఎత్తుకొని, పిల్లలను త్రిప్పు గుఱ్ఱమువాని వద్ద నిలిచియుండుట చూచితిమి. గుఱ్ఱమువాడు మొదట వద్దన్నాడు, పిమ్మట ఒప్పుకొన్నాడు. వాడు కళ్ళెము పట్టెను. తండ్రి ఒకప్రక్క పట్టుకొనెను. రెండవప్రక్కకు మనిషి లేడు. బటాణీలు అమ్ము కుఱ్ఱవాడొకడు తన గంపను ఇసుకలో దింపి వచ్చి ఆ కాలు పట్టుకొన్నాడు. మేము అంతలో చేరుకొనలేకపోతిమి, వయస్సు అట్టిది. అది చికిత్స కాదు, వైద్యులు చూచినచో మందలించెడివారే. కాని ఆ బిడ్డ నవ్వు మాత్రము అలల రొదలోను మాకు వినబడినది. దిగిన తరువాత గుఱ్ఱమువాడు అందరి వద్ద పుచ్చుకొనునదే పుచ్చుకొన్నాడు. తండ్రి ఎక్కువ ఇయ్యబోగా, "రేపు తీసికొనిరండి" అని మాత్రము అన్నాడు.

మన సంఘభవనముల గోడలపై దాతల పేర్లు చెక్కిన పాలరాళ్ళు చాలనున్నవి. ఫంకా ఇచ్చినవారి పేరు ఫంకా రెక్కలపైననే యుండును. అది తప్పని మేమనము. ఆ దాతలే లేకున్నచో ఈ సంచిక కూడ వెలువడదు. కాని గుఱ్ఱపుదాణా, బండి కిరాయి, ప్రక్కన నడచు మనిషికి ఒక పూట కాఫీ వంటి ఖర్చులకు చెక్కుటకు రాయి దొరకదు. అందుచేత రాబోవు సర్వసభ్య సమావేశమున వార్షిక ఆదాయవ్యయ పట్టికలో ఒక క్రొత్త పద్దు చేర్చవలెనని ప్రతిపాదింపనున్నాము. మొత్తము చిన్నదైనను ఏటేట తప్పనిది. దానితో ఊరిలోని స్వారిబడి యజమానితోను, వైద్యునితోను మాటలాడి, నెలకు రెండు పూటలైనను నలుగురు పిల్లలను తీసికొనిపోవచ్చును. ప్రక్కన నడచుటకు యువజన విభాగమువారు పండ్రెండుమంది పేర్లు ఇయ్యవలెను. ఆ పద్దు ఎవరి పేర వ్రాయవలెనని కార్యవర్గములో తప్పక ప్రశ్న వచ్చును. ఏ పేరును లేక, "దాణా" అని మాత్రమే వ్రాయుడని మా మనవి.